ట్యాంకు మీద జిగురా? బ్లేడు పక్కన పెట్టండి, నూనె సీసా తీయండి

రోహిణి కార్తె వెళ్లేలోపు ఊళ్లల్లో రెండు పనులు జోరుగా సాగుతుంటాయి. ఒకటి దుక్కి, రెండోది బేరం. విత్తనాలకో, కౌలుకో, పిల్లల ఫీజుకో చేతిలో డబ్బు చాలనప్పుడు ఎకరం రెండెకరాల రైతు ముందు పాడి గొడ్డు వైపు చూస్తాడు. అది వీలుకాదంటే బండి వైపు చూస్తాడు. పాత మోటారు సైకిలు అమ్మేద్దామని కడగడం మొదలుపెడితే అప్పుడు తెలుస్తుంది, దాని మీద ఎన్ని స్టిక్కర్లు ఉన్నాయో! ట్యాంకుకు రెండు పక్కలా ఫైనాన్సు వాళ్లది, ముందు మడ్‌గార్డు మీద పురుగు మందుల షాపు వాళ్లు అంటించింది, సైడు కవరు మీద పిల్లల పేర్లు, ఎన్నికలప్పుడు ఎవరో అంటించి పోయినది ఇంకొకటి. గోటితో గీరితే పై రేకు ఊడి వస్తుంది. కింద జిగురు మాత్రం నల్లగా, జిడ్డుగా అలాగే ఉండిపోతుంది.

ఇక్కడే చాలామంది గడ్డం గీసుకునే బ్లేడు తీస్తారు. లేదంటే గిన్నెలు తోమే పీచు, లేదంటే మెకానిక్కు దగ్గర గుక్కెడు థిన్నరు. జిగురు పోతుంది, నిజమే. దాంతోపాటు ట్యాంకు రంగూ పోతుంది. కొనడానికి వచ్చినవాడు ఇంజను చప్పుడు వినక ముందే ట్యాంకు చూస్తాడు. గీతలు కనిపించాయంటే "బండి ఎక్కడో పడ్డట్టుంది" అని మొదలుపెట్టి రేటు దించుతాడు. ట్యాంకుకు మళ్లీ రంగు వేయిద్దామంటే షెడ్డు వాడికి ఇచ్చే డబ్బు అసలు బేరంలోంచే పోవాలి. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనెతో, గంటన్నర ఓపికతో అయ్యే పనికి ఇంత నష్టం ఎందుకు?

అమ్మే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఇది చదవాలి. ఎరువుల బస్తాలు, పాల క్యాన్లు మోసే బండికి రంగు సోకు కోసం కాదు. అది ఇనుముకు చర్మం లాంటిది. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

జిగురు ఎందుకంత మొండికేస్తుంది?

బండి మీద అంటించే స్టిక్కర్లు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి కాగితానిది, రెండోది ప్లాస్టిక్ రేకుది. రేకు స్టిక్కరు కొత్తలో మెత్తగా వంగుతుంది. దాన్ని అలా మెత్తగా ఉంచే పదార్థం ఎండకు కొద్దికొద్దిగా పోతుంది. రెండు మూడు వేసవులు గడిచేసరికి రేకు పెళుసుబారి, పెంకులా ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కింద ఉన్న జిగురు కూడా ఎండకు కరిగి, చలికి బిగిసి, మళ్లీ కరిగి రంగును బాగా పట్టుకుంటుంది. రెంటచింతల, రామగుండం వైపు ఎండలు మీకు తెలియనివి కావు. మిట్ట మధ్యాహ్నం చేను గట్టు మీద నిలిపిన నల్ల బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టలేం. అలాంటి చోట స్టిక్కరు ఏడాదిలోనే ముదిరిపోతుంది.

అయితే ఈ జిగురుకు రెండు బలహీనతలున్నాయి. గోరువెచ్చని వేడి తగిలితే మెత్తబడుతుంది. నూనె తగిలితే ఉబ్బి, పట్టు వదులుతుంది. మన పని అంతా ఈ రెండింటి మీదే. గీకడం ఇందులో ఎక్కడా లేదు.

రంగు మందం ఎంత?

ఫ్యాక్టరీలో ట్యాంకుకు ముందు తుప్పు పట్టకుండా మందు పూత, దాని మీద ప్రైమరు, ఆ పైన రంగు, చాలా బళ్లకు ఆ పైన నిగనిగలాడే పారదర్శకమైన పూత వేస్తారు. ఇన్ని పూతలు కలిపినా మొత్తం మందం మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగా ఉంటుంది. అంటే నోటు పుస్తకంలో ఒక కాగితం మందం అన్నమాట. పై పూత ఒక్కటే చూస్తే ఆ కాగితంలో సగం కూడా ఉండదు. బ్లేడుతో ఒక్క గీత పడితే ఎంత లోతుకు పోతుందో మీరే ఊహించుకోండి.

ఫ్యాక్టరీ రంగును కొలిమి లాంటి గదిలో వంద డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. అందుకే అది గట్టిది. కొబ్బరి నూనె, కిరోసిన్ లాంటివాటికి చెక్కుచెదరదు. షెడ్డులో మళ్లీ వేయించిన రంగు సంగతి వేరు. అది గాలికి ఆరిన రంగు. కొన్ని రకాలైతే థిన్నరు తగిలిన క్షణంలో కరిగి గుడ్డకు అంటుకుంటాయి. కొత్తగా రంగు వేయించిన ట్యాంకు మీది స్టిక్కరు ఊడబీకితే, కింద రంగు కూడా పొరలా లేచి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

కాబట్టి సెకండ్ హ్యాండులో కొన్న బండి అయితే ముందు ఇది తేల్చుకోండి. సీటు తీసి, ట్యాంకు వెనక అంచు చూడండి. పెట్రోలు మూత అంచుల కిందా, రబ్బరు వాషర్ల చుట్టూ చూడండి. రంగు తుంపర్లు రబ్బరు మీదా, వైర్ల మీదా పడి ఉంటే అది షెడ్డు రంగే. అలాంటి బండికి నూనె తప్ప ఇంకేదీ వాడకపోవడం మంచిది. ఏది వాడినా సరే, ముందు సీటు కింద దాగి ఉండే చోట తెల్ల గుడ్డతో కొంచెం రుద్ది, 10 నిమిషాలు ఆగి చూడండి. గుడ్డకు రంగు అంటినా, ఆ చోట మెరుపు తగ్గినా, వేలికి జిగటగా తగిలినా దాన్ని మళ్లీ ముట్టుకోకండి.

ముందు మట్టి పోవాలి

పొలానికి పోయే బండి మీద దుమ్ము లేకుండా ఉండదు. ఆ దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. పొడి గుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకే గరుకు కాగితంలా పని చేస్తుంది. జిగురు తీసేటప్పుడు రంగు మీద పడే గీతల్లో చాలా భాగం దీనివల్లే వస్తాయి. మందులను తిట్టుకుని లాభం లేదు.

ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. బండిని చెట్టు నీడకు తెచ్చి, పెట్రోలు మూత బిగించి, ముందు వట్టి నీళ్లు ధారగా పోసి మట్టి జారిపోనివ్వండి. తర్వాత బకెట్టు నీళ్లలో ఒక షాంపూ పొట్లం కలిపి, పాత బనియన్ గుడ్డతో మెత్తగా తుడవండి. బట్టల సబ్బు పొడి వద్దు. కరగని పలుకులు గీతలు పెడతాయి, దాని ఘాటుకు మెరుపూ తగ్గుతుంది. బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు అంట్ల గిన్నెలకే ఉండనివ్వండి.

వేడి నీళ్ల కాపడం

కాలు బెణికితే కాపడం పెట్టినట్టే స్టిక్కరుకూ పెట్టాలి. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో మందపాటి తువ్వాలు ముంచి, పిండి, స్టిక్కరు మీద పరచండి. రెండు మూడు నిమిషాలకు చల్లారుతుంది, మళ్లీ ముంచి వేయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే జిగురు మెత్తబడుతుంది. మసిలే నీళ్లు నేరుగా పోయకూడదు. వేడి ఎక్కువైతే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు. జిగురు మరీ పలచబడితే స్టిక్కరును వదిలి బండికే అంటుకుపోతుంది. అప్పుడు పని రెట్టింపు.

పట్నంలో జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వాడమంటారు. ట్యాంకులో పెట్రోలు ఉన్న బండి దగ్గర కరెంటు మిషను పెట్టడం కంటే తువ్వాలే నయం. అగ్గిపుల్ల, లైటరు, కొవ్వొత్తి సెగ చూపించే వాళ్లూ ఉన్నారు. ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా ప్రమాదమే, ఖాళీగా ఉన్నా ప్రమాదమే. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది. అది ఇంకా తొందరగా అంటుకుంటుంది. మంట మాటే తలపెట్టకండి.

మెత్తబడ్డ స్టిక్కరును ఒక మూల గోటితో లేపండి. లేచిన అంచును పట్టుకుని పైకి లాగకూడదు. అరటాకు మడిచినట్టు వెనక్కి మడిచి, బండి ఒంటిని ఆనుకునేలా, నెమ్మదిగా లాగుతూ పోవాలి. బొటనవేలంత మేర ఊడిరావడానికి అయిదారు సెకన్లు పట్టినా పట్టనివ్వండి. గబుక్కున లాగితే రేకు చిరిగిపోతుంది, జిగురు కిందే ఉండిపోతుంది. నిదానంగా లాగితే చాలావరకు రేకుతోపాటే వచ్చేస్తుంది. మధ్యలో బిగుసుకుంటే ఆపి, మళ్లీ కాపడం పెట్టండి.

పెళుసుబారి ముక్కలయ్యే స్టిక్కరుకు మాత్రం ఈ లాగుడు కుదరదు. పాత ఏటీఎం కార్డు గానీ, సిమ్ కార్డు తీసేసిన అట్ట లాంటి ప్లాస్టిక్ ముక్క గానీ తీసుకుని, అంచుకు పలచటి గుడ్డ చుట్టి, నూనె రాస్తూ వాలుగా తోయండి. ఒక్క రోజులో అవ్వాలని పట్టుబట్టకండి. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత చేసినా సరిపోతుంది. కాగితం స్టిక్కరు అయితే షాంపూ నీళ్లతో అరగంట నాననివ్వండి, పై కాగితం పేడులుగా వచ్చేస్తుంది. ఎత్తుగా ఉండే కంపెనీ పేరు అక్షరాలు స్పాంజి టేపుతో అంటించి ఉంటాయి. వాటి వెనక నైలాను దారం దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడిస్తే టేపు తెగి అక్షరం ఊడుతుంది. కానీ అవి తీయాల్సిన అవసరం ఏముంది? కంపెనీ పేరు ఉన్న బండికే బేరం బాగుంటుంది. ఫ్యాక్టరీలో వేసిన చారలు కూడా చాలా బళ్లకు పై పూత కింద ఉంటాయి. వాటిని గోకితే పూతే పోతుంది.

దేవుడి బొమ్మల స్టిక్కర్ల మీద బ్లేడు పెట్టడానికి చాలామందికి చేతులు రావు. కాపడం పెడితే ఆ ఇబ్బంది లేదు, బొమ్మ చిరగకుండా మొత్తం వస్తుంది. ఇంట్లో గోడకో, పంపుసెట్టు గది తలుపుకో అంటించుకోవచ్చు.

మిగిలిన జిగురుకు నూనె

రేకు పోయాక చేతికి జిగటగా తగిలే పొర ఉంటుంది. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె, పామాయిలు ఏదైనా సరే, ఇంట్లో ఏది ఉంటే అది. గుడ్డను నూనెలో తడిపి జిగురు మీద పరచి అరగంట వదిలేయండి. నూనె రాసి వెంటనే రుద్దడం వల్ల లాభం లేదు, అది లోపలికి ఇంకాలి. ఇంకో సంగతి, నూనె ప్లాస్టిక్ రేకులోంచి దిగదు. రేకు ఉండగా పైన ఎంత రాసినా వృథా. రేకు ముందు తీయాల్సిందే.

అరగంట తర్వాత బొటనవేలితో ఒకే దిక్కుకు నెట్టండి. జిగురు చపాతి పిండిలా ఉండలు కడుతుంది. ఆ ఉండలను ఎప్పటికప్పుడు గుడ్డతో తీసేయండి. లేకపోతే అవే ఇంకో చోట అంటుకుంటాయి. గుడ్డ మడత కూడా మారుస్తూ ఉండండి. నూనె రాయకముందు ఇంకో చిట్కా ఉంది. పుస్తకాలకు అంటించే టేపు ముక్కను జిగురు మీద గట్టిగా నొక్కి చటుక్కున లాగితే జిగురు టేపుకు అంటి వచ్చేస్తుంది. ఫ్యాక్టరీ రంగు మీద మాత్రమే ఈ పని చేయాలి. షెడ్డు రంగు మీద టేపు లాగితే రంగు లేచే ప్రమాదం ఉంది.

పది మందిలో ఎనిమిది మందికి ఇక్కడితో పని అయిపోతుంది.

ఏళ్ల నాటి జిగురు నూనెకు లొంగకపోతే మందుల షాపులో దొరికే నీలగిరి తైలం వాడండి. జలుబుకు వాడతామే, అదే. జిగురును కరిగించడంలో కొబ్బరి నూనె కంటే చురుకైనది. దూదితో కొద్దిగా అద్ది, రెండు నిమిషాల్లో తుడిచేయాలి. ఇంట్లో కిరోసిన్ ఉంటే అది కూడా ఫ్యాక్టరీ రంగు మీద పనికొస్తుంది. అదీ గుడ్డకు అద్ది రుద్దడమే, బండి మీద పోయకూడదు. పెయింట్ల షాపులో దొరికే టర్పెంటైను కూడా కిరోసిన్ లాంటిదే. తుప్పు పట్టిన నట్లకు కొట్టే స్ప్రే డబ్బా ఉంటే దాన్ని కూడా గుడ్డ మీద కొట్టి వాడుకోవచ్చు. 2020 నాటి కరోనా రోజుల్లో కొన్న శానిటైజరు సీసా ఇంకా ఏ గూట్లోనో ఉంటే, ఆఖరున నూనె జిడ్డు తుడవడానికి రెండు చుక్కలు సరిపోతాయి. షెడ్డు రంగుకు ఇవేవీ వద్దని మళ్లీ గుర్తు చేస్తున్నాం.

వీటిలో నూనె తప్ప మిగతావన్నీ మంటకు అంటుకునేవే. ఆరుబయట చేయండి. పని అయ్యేదాకా బీడీ ముట్టించకండి. తడిసిన గుడ్డలు పొయ్యి దగ్గర పడేయకండి.

వీటి జోలికి మాత్రం పోవద్దు

థిన్నరు గురించి చెప్పాం. గోళ్ల రంగు తుడిచే మందు కూడా దాని తమ్ముడే. రెండూ జిగురును కరిగిస్తాయి, రంగునూ కరిగిస్తాయి. వాటికి తేడా తెలియదు.

పెట్రోలు ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉంటుంది కాబట్టి అందరి కన్నూ దాని మీదే. ట్యాంకు నింపేటప్పుడు ఒలికితే రంగుకు ఏమీ కావడం లేదు కదా అంటారు. ఒలికింది క్షణాల్లో ఆరిపోతుంది. గుడ్డతో పది నిమిషాలు రుద్దడం వేరు, అలా రుద్దితే మెరుపు పోయి మసకబారుతుంది. అంతకంటే పెద్ద భయం నిప్పు. ఒక్క నిప్పురవ్వ చాలు.

బ్రేకు ఆయిలు పేరులో ఆయిలు ఉందని నూనె లాంటిదే అనుకునే వాళ్లు ఉన్నారు. డిస్కు బ్రేకు డబ్బాలో పోసే ఆ ద్రవం రంగును తినేస్తుంది. ట్యాంకు మీద ఒలికి కాసేపు అలాగే ఉంటే రంగు ఉబ్బి పొక్కులు వస్తాయి. ఎప్పుడైనా పొరపాటున పడితే రుద్దకుండా వెంటనే నీళ్లు ధారగా పోయండి.

పురుగు మందుల సంగతి కూడా చెప్పాలి. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడే మందుల్లో చాలావాటిని థిన్నరు జాతి ద్రావకాల్లోనే కలిపి తయారు చేస్తారు. డబ్బాను ట్యాంకు మీద పెట్టుకుని పొలానికి పోయేటప్పుడు మూత వదులై కారితే అక్కడ రంగు చెడిపోయేది ఇందుకే. కారిన చోట జిగురు పోయింది కదా అని మందునే గుడ్డకు అద్ది రుద్దే ఆలోచన ఎవరికైనా వస్తే అది ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆ విషం చర్మం లోంచి ఒంట్లోకి దిగుతుంది. మందు డబ్బాను సంచిలో నిటారుగా, ఒంటికి దూరంగా కట్టుకుని తీసుకెళ్లండి. అన్నట్టు, జిగురు తీసే విద్య వచ్చింది కదా అని మందు సీసాల లేబుళ్లు పీకకండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఏది ఉందో చూసే కదా విషం తీవ్రత తెలిసేది! లేబులు లేని సీసా ఇంట్లో ఉండటం కన్నా ప్రమాదం లేదు.

ప్లాస్టిక్ భాగాలు వేరు

సైడు కవర్లు, హెడ్ లైటు చుట్టూ ఉండే డూము, వెనక తోక భాగం ఇప్పటి బళ్లలో ఎక్కువగా ప్లాస్టిక్కే. అయస్కాంతం పెట్టి చూడండి, పట్టకపోతే ప్లాస్టిక్. ట్యాంకు మీద కొంతవరకు నడిచే ద్రావకాలు వీటి మీద నడవవు. థిన్నరు తగిలితే ప్లాస్టిక్ మెత్తబడి వేలిముద్ర అచ్చుపడుతుంది. హెడ్ లైటు అద్దంలా కనిపించేది కూడా చాలా బళ్లకు ప్లాస్టిక్కే. దానికి పెట్రోలు, నీలగిరి తైలం తగిలితే వెంట్రుక లాంటి పగుళ్లు వచ్చి, రాత్రి పూట వెలుతురు మసకగా పడుతుంది. వీటికి వంట నూనె, షాంపూ నీళ్లు, ఓపిక. ఈ మూడే.

మెరుపు లేకుండా పొడిపొడిగా కనిపించే రంగు బళ్లు కూడా ఈ మధ్య వస్తున్నాయి. వాటిని గట్టిగా రుద్దినా, పాలిష్ పెట్టినా ఆ చోట మాత్రమే మెరిసి మచ్చలా కనిపిస్తుంది. నూనెతో తుడిచి, షాంపూతో కడిగి వదిలేయండి.

బ్రేకుల మీద నూనె పడనివ్వకండి

ముందు మడ్‌గార్డు మీది జిగురు తీసేవాళ్లు ఇది తప్పక గమనించాలి. దాని పక్కనే డిస్కు ఉంటుంది, కిందే టైరు ఉంటుంది. డిస్కు మీద నూనె చుక్క పడితే బ్రేకు పట్టదు. టైరు మీద పడితే మలుపులో జారుతుంది. పని మొదలుపెట్టే ముందే డిస్కుకు, టైరుకు ప్లాస్టిక్ సంచి చుట్టండి. పని అయ్యాక సంచి తీసి, ఇంటి ముందే నెమ్మదిగా నడిపి రెండు మూడు సార్లు బ్రేకు వేసి చూడండి. పట్టులో తేడా ఉంటే మెకానిక్కుకు చూపించకుండా రోడ్డెక్కకండి. సీటు మీద జిడ్డు మిగిలినా కూర్చున్నప్పుడు జారుతుంది, దాన్నీ తుడవండి.

జిగురు పోయింది, నీడ మిగిలింది

అంతా తుడిచాక స్టిక్కరు ఉన్న చోట దాని ఆకారం నీడలా కనిపించవచ్చు. జిగురు ఇంకా పోలేదనుకుని మళ్లీ రుద్దుతారు. అది జిగురు కాదు. స్టిక్కరు కింద రంగు ఎండ తగలక కొత్తగా ఉంది, చుట్టూ ఉన్న రంగు వెలిసింది. చొక్కా జేబు తీసేస్తే కింద గుడ్డ ముదురుగా కనిపించినట్టు. వేలితో తడిమి చూడండి. నున్నగా జారితే పని అయిపోయినట్టే. వెలిసిన రంగును తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు గానీ, పాలిష్ పెడితే తేడా కొంత తగ్గుతుంది.

నూనె వాడిన చోట షాంపూ నీళ్లతో రెండు సార్లు కడగాలి. జిడ్డు మిగిలితే పొలం దారిలో దుమ్మంతా అక్కడే చేరుతుంది. కడిగాక పొడి గుడ్డతో తుడవండి. బోరు నీళ్లు వాటంతట అవే ఆరితే తెల్ల మచ్చలు పడతాయి. తర్వాత వ్యాక్స్ పాలిష్ పలచగా రాసి, ఆరాక తుడిస్తే చాలు. రబ్బింగ్ కాంపౌండు అనేది సన్నటి గరుకు పదార్థం. సన్న గీతలు కనపడకుండా చేస్తుంది, ఎలాగంటే పై పూతను అరగదీసి. ఒకసారి వాడితే ఫర్వాలేదు, ప్రతి పండక్కీ వాడితే పూత మిగలదు. ట్యాంకు అంచుల మీదా, మడతల మీదా రంగు సహజంగానే పలచగా ఉంటుంది, అక్కడ అసలు వాడకండి. పళ్లు తోముకునే పేస్టు కూడా కాంపౌండుకు చిన్న తమ్ముడే అని గుర్తుంచుకోండి.

ఇప్పటికే గీతలు పడ్డాయా?

రంగు చర్మం లాంటిది అన్నాం. గీత మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు ఆగకపోతే పై పూతలోనే ఉంది, పాలిష్‌తో సర్దుకుంటుంది. గోరు ఆగి, లోపల తెల్లగానో ఇనుము రంగులోనో కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఎరువుల బస్తాలు మోసే బండికి ఇది మరీ ముఖ్యం. యూరియా, డీఏపీ, పొటాష్ అన్నీ లవణాలే లేదా గాలిలోని తేమను లాగేవే. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు లాగానే ఇనుమును తింటుంది. బస్తా కుట్టు లోంచి రాలిన పొడి గీతలో చేరి, దాని మీద వాన జల్లు పడిందంటే తుప్పు రంగు కిందుగా పాకుతుంది. పైకి చిన్న పొక్కులా కనిపిస్తుంది, లోపల రూపాయి బిళ్లంత తిని ఉంటుంది. ట్యాంకుకు చిల్లు పడేదాకా చాలామంది చూసుకోరు.

గీతను ఆరనిచ్చి, తుప్పు మొదలైతే సన్న గరుకు కాగితంతో ఆ మేరకే రుద్ది, ప్రైమరు చుక్క, ఆరాక అదే రంగు చుక్క సన్న కుంచెతో అద్దండి. టచప్ రంగు సీసాలు పెయింట్ల షాపుల్లో దొరుకుతాయి. చేతిలో అవి లేనప్పుడు రంగు లేని గోళ్ల పాలిష్ అద్దినా కొన్నాళ్లు నీళ్లు తగలకుండా ఆపుతుంది. ఎరువు మోసిన రోజు సాయంత్రం బండి మీద చెంబెడు నీళ్లు పోసి తుడిచే అలవాటు ఉంటే ఈ బాధలో సగం ఉండదు.

స్టిక్కరు తీస్తే అప్పు తీరినట్టు కాదు

అమ్మేవాళ్లకు ఆఖరు మాట. కొన్ని గుర్తులు ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉన్న చోట రుద్దడం, రంగు వేయడం కుదరదు. నంబరు అరిగిందంటే దొంగ బండి అన్న అనుమానం వస్తుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లన్నీ హై సెక్యూరిటీ నంబరు ప్లేటుతోనే వస్తున్నాయి. దాని మీద మెరిసే హోలోగ్రాము, లేజరుతో చెక్కిన అంకెలు ఉంటాయి. కిరోసిన్, థిన్నరు ఆ ప్లేటు దరిదాపులకు రానివ్వకండి, తడి గుడ్డ చాలు.

ట్యాంకు మీది ఫైనాన్సు స్టిక్కరు నూనెతో పోతుంది. ఆర్సీ మీద ఉన్న ఫైనాన్సు పేరు నూనెతో పోదు. అప్పు తీర్చాక ఫైనాన్సు వాళ్ల దగ్గర అభ్యంతరం లేదన్న పత్రం, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు కొట్టివేయించాలి. ఏళ్ల క్రితం వాయిదాలన్నీ కట్టేసినా ఈ పని చేయించుకోని వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొనేవాడు వచ్చి ఆర్సీ చూశాక బేరం ఆగిపోతుంది. అందుకే బండి కడగడానికి ముందే ఆర్సీ తీసి చూసుకోండి. పేరు ఉంటే ఆ కాగితం పని ముందు మొదలుపెట్టండి, అది అయ్యేలోపు ట్యాంకు పని నింపాదిగా చేసుకోవచ్చు. బేరం కుదిరాక ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి, పేరు మారేదాకా వాటి నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి. పేరు మారకుండా బండి పోతే, రేపు ప్రమాదం జరిగినా, చలానా పడినా కాగితం మీ ఇంటికే వస్తుంది.